పురుగు కడుపులోని చుట్టం

కార్జం కోయడం అందరూ అనుకునేంత తేలికేం కాదు. పైనున్న సన్నటి పొరని ముందు గోటితో లాగేయాలి, లోపలి నరాలు ఏరేయాలి, మిగిలినదాన్ని ఆవగింజంత ముక్కలు చేయాలి. అంతకన్నా పెద్దవైతే ల్యాబులో పెంచే పురుగులు సగం తిని వదిలేస్తాయి. వదిలేసింది నీళ్లలో కుళ్లి, పొద్దున్నకి ట్రేలన్నీ కంపు కొడతాయి. ఆమె సింకు పక్కన నిలబడి ఆ పని చేస్తుంటే వెనకనుంచి అత్తగారి గొంతు వినబడింది.

“ఆ పురుగుల కత్తి నా కత్తుల్లో కలిపేవు.”

“విడిగానే పెడతానత్తయ్యా.”

“పెడతావులే. మన చుట్టాల్లో ఎవరు ఎవరికి ఏమవుతారో పిల్లకి చెప్పే తీరిక లేదు గానీ, పురుగుల చుట్టరికాలు మాత్రం కావాలి నీకు.”

వెక్కిరింపుగానే అన్నా, ఆమె ఉద్యోగం గురించి ఆ ఇంట్లో ఎవరైనా సరిగ్గా చెప్పిన మాట అదొక్కటే. బల్లపరుపు పురుగులని ఒక పెద్ద కుటుంబం ఉంది. కొన్ని కాలువల్లో రాళ్ల కింద తమ బతుకేదో తాము బతుకుతుంటాయి. కొన్ని సముద్రంలో ఉంటాయి. ఇంకొన్ని ఇంకొకరి ఒంట్లో దూరి, వాళ్ల తిండి తిని, వాళ్లనే పీల్చి బలిసే రకం: పశువుల కార్జంలో చేరే జలగలు (చెరువు జలగలు వేరు), పేగుల్లో బద్దె పురుగులు. పైపైన చూసి ఎవరికెవరు చుట్టమో చెప్పడం కష్టం. అందుకని లోపలి జన్యువుల్ని చదవాలి. ఒకే జన్యువుని ఒక్కో పురుగులోంచి తీసి, అందులోని అక్షరాల వరుసల్ని ఒకదాని కింద ఒకటి పేర్చి చూడాలి. దాదాపు అన్నీ కలిస్తే అక్కచెల్లెళ్లు, కాస్త తేడా వస్తే పినతల్లి పిల్లలు, బాగా తేడా వస్తే వేలువిడిచిన చుట్టాలు. ఆ తేడాలన్నీ లెక్కగట్టి వంశవృక్షం గీయాలి. కంప్యూటరు పేర్చిన వరుసల్ని కూడా ఆమె నమ్మేది కాదు. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టుకుంటూ, బియ్యంలో రాళ్లు ఏరినట్టు, మళ్లీ తన కళ్లతో చూసుకునేది. అలా చూస్తున్నంతసేపూ తను ఎవరి భార్యో, ఎవరి కోడలో ఆమెకి గుర్తుండేది కాదు. రోజులో ఆమెకి సుఖంగా ఉండే సమయం అదే.

కార్జాన్ని ఇంట్లోనే కోసుకురమ్మన్నది ప్రొఫెసరుగారు, ల్యాబులో ఆ వాసన పడదని. ప్రొఫెసరుగారంటే ఆమె భర్త. ఆ ఇంట్లో ఆయన్ని అందరూ అలాగే అంటారు, కన్నతల్లితో సహా. చదువుకునే రోజుల్లో ఆయన ఆమెకి సీనియర్. అప్పట్లో వరుసలు పేర్చడంలో ఏ సందేహం వచ్చినా ఆయన ఆమె బల్ల దగ్గరికే వచ్చేవాడు. ఆమె తెలివి చూసే మనసు పారేసుకున్నానని అనేవాడు కూడా. పెళ్లయ్యాక వేరే ఊరి నుంచి ఆమెకి ఉద్యోగం వచ్చింది, సొంత ల్యాబుతో. అప్పటికి కూతురు కడుపులో ఉంది. “ఇద్దరం చెరో ఊళ్లో ఉండి ఏం సంసారం చేస్తాం? నా ల్యాబు నీ ల్యాబు కాదా?” అన్నాడు. ఎంత ప్రేమగా అన్నాడో, ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి కూడా. ఆయన ల్యాబులో ఆమె ప్రాజెక్ట్ అసిస్టెంటుగా చేరింది. ఏడాదికోసారి ఆ ఉద్యోగాన్ని పొడిగిస్తూ ఆయనే సంతకం పెట్టేవాడు. ఆ సంతకం పెట్టే వారంలో ఇంట్లో కూర చప్పగా ఉన్నా, చొక్కా ఇస్త్రీ సరిగ్గా లేకపోయినా, “రెన్యువల్ ఆపేస్తాను చూడు,” అని నవ్వేవాడు. అత్తగారూ నవ్వేది. మొదటి రెండేళ్లు ఆమె కూడా నవ్వింది.

పరిశోధన పేపర్ల మీద పేరు సంగతి కూడా అలాగే తేలిపోయింది. “మొగుడూ పెళ్లాం ఇద్దరి పేర్లూ వేసుకుంటే జనం నవ్వుతారు. ఇంటిపేరు ఒకటే కదా, ఎవరి పేరుంటే ఏం?” అన్నాడు. ఎవరి పేరున్నా ఒకటే అయినప్పుడు ప్రతిసారీ ఆయన పేరే ఎందుకుండాలని ఆమె అడగలేదు. అడిగితే వాదన అంటారు, వాదిస్తే పొగరంటారు. అప్పుడు చేతిలో ట్రేలున్నాయి, స్టవ్ మీద పాలున్నాయి, పిల్లకి జ్వరం. ఆడవాళ్లు అడగని ప్రశ్నల్లో సగం పాలు పొంగిపోతాయని అడగనివే.

అసలు కథ నడిపింది ఒక కొత్త పురుగు. బస్సులు కడిగే షెడ్డు వెనక మురికి కాలువలో దొరికిందది ఆమెకి. నల్లగా, చిటికెన వేలి గోరంత ఉంటుంది. మోకాళ్ల దాకా బురదలో దిగి, రాళ్లు తిరగేసి పట్టుకుంది. కార్జం ముక్క పెడితే మూతి తిప్పుకుంది. ఏం తింటుందో తెలుసుకోవడానికి చాలా తిప్పలు పడి, చివరికి అదే కాలువలోని నత్తల్ని తెచ్చి ట్రేలో వేస్తే, నత్త మీదికెక్కి గొంతుక లోపలికి చొప్పించి తాపీగా పీల్చుకుంది. ఆ సాయంత్రం బురద చెప్పులతో ఇంటికి వస్తే, “గుమ్మంలోనే విప్పు. షెడ్డులో కూలికి పోయినదానిలా ఆ అవతారమేంటి?” అన్నాడు ప్రొఫెసరుగారు. పురుగుని చూపించాక మాత్రం ముఖం విప్పారింది. “నాకు దొరికింది చూశారా,” అని మర్నాడే అందరికీ చూపించాడు.

పురుగులోంచి డీఎన్ఏ తీయడానికి ముందు దానికి తిండి మానిపించాలి. ల్యాబులో ఆ పనిని ఉపవాసం అంటారు. ఓ వారం పాటు శుభ్రమైన నీళ్లలో ఉంచి, రోజూ నీళ్లు మారుస్తూ, కడుపు పూర్తిగా ఖాళీ అయిందో లేదో భూతద్దం కింద చూసుకోవాలి. వీపు మీదనుంచి కొమ్మల్లా కనబడే పేగు ముదురు రంగు పోయి పాలిపోతే అప్పుడు సరి. లేకపోతే పురుగు డీఎన్ఏతోపాటు అది తిన్నదాని డీఎన్ఏ కూడా గొట్టంలోకి వచ్చేస్తుంది. తీసినవాళ్లకి ఏది ఎవరిదో తెలియదు. ఈ పనిలో తొలిరోజు నేర్పే పాఠం ఇదే. అన్నం వండే ముందు బియ్యం కడగాలని చెప్పడం లాంటిది.

ఆమె కొత్త పురుగుల్ని ఉపవాసంలో పెట్టిన మర్నాడే అత్తగారు బాత్రూంలో జారిపడింది. తుంటి విరిగింది, ఆపరేషన్ అన్నారు. ఆస్పత్రిలో పక్కన ఎవరుండాలన్న ప్రశ్నే రాలేదు. “మగవాడు బెడ్ పాన్ పట్టుకుంటాడా?” అంది అత్తగారు మూలుగుతూనే. ఆ వారమంతా ఆమె ఆ మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఉంది. ఒళ్లు తుడిచింది, బెడ్ పాన్ పెట్టింది, తీసింది, కడిగింది. ట్రేలో నీళ్లు మార్చమని ఫోన్లో చెబితే, “నాకు నేర్పుతున్నావా?” అన్నాడు ప్రొఫెసరుగారు.

తిరిగి వచ్చేసరికి డీఎన్ఏ గొట్టం ఫ్రీజర్‌లో సిద్ధంగా ఉంది. ట్రేలు ఖాళీ. ఉన్న పురుగులన్నిటినీ వాడేశాడు.

“మీరే తీశారా?” అంది ఆశ్చర్యంగా. ఆయన చేత్తో డీఎన్ఏ తీసి చాలా ఏళ్లయింది.

“ఎందుకు, నాకు రాదా? సదస్సు దగ్గరికొచ్చేసింది, నువ్వొచ్చేదాకా కూర్చుంటే అయినట్టే.”

“కడుపు ఖాళీ అయిందా మరి?”

“అయింది. నీ అనుమానాలు కట్టిపెట్టి పని చూడు.”

ఆమె పని చూసింది. జన్యువుని ఎన్నో నకళ్లుగా పెంచి, అక్షరాలు చదివించి, వరుసలు పేర్చి, చెట్టు గీసింది. కొత్త పురుగు వెళ్లి కార్జపు జలగల పక్కన కూర్చుంది. కాలువలో స్వేచ్ఛగా తిరిగే పురుగు, పరాన్నజీవుల సొంత చెల్లెలన్నమాట. ఇంకొకరిని పీల్చి బతికే జలగలు ఒకప్పుడు తమ కాళ్ల మీద తాము నిలబడి ఎలా బతికాయో చెప్పే సాక్ష్యం. నిజమైతే ఆ శాస్త్రం పుస్తకాలే తిరగరాయాలి. ఆమె ఒళ్లు ఝల్లుమంది, ఆ వెంటనే చల్లబడింది. దగ్గరితనం మరీ ఎక్కువైంది. అంత దగ్గర పోలిక చెల్లెలి జాతికి ఉండదు, అచ్చంగా జలగపిల్లకే ఉంటుంది. “నత్తల్లో జలగ పిల్లలుంటాయి కదండీ. అది నత్తని తిన్నాక తీసి ఉంటే? మళ్లీ పట్టుకొచ్చి చేద్దాం,” అంది. ఆయన చేతిలోని పెన్ను బల్ల మీద పెట్టాడు. “నాకు పేరొస్తుందంటే ఓర్చుకోలేవు కదూ నువ్వు,” అన్నాడు. నిజంగా ఓర్వలేకే అంటున్నానా అని తనని తాను అనుమానించుకుంటూ రెండు రోజులు తిరిగింది. చివరికి పేపర్ మొత్తం తనే కూర్చుని రాసిపెట్టింది.

పేపర్ వచ్చింది. దాని మీద ఒక్కటే పేరుంది. చివర్లో, చిన్న అక్షరాల్లో, పురుగులకి మేత పెట్టి సహకరించినందుకు శ్రీమతికి ధన్యవాదాలు అని ఉంది. ఆయనకి సన్మానం జరిగిన రోజు ఆమె మొదటి వరసలో కూర్చుని చప్పట్లు కొట్టింది. పక్కనున్నావిడ ఎవరో, మీ అమ్మ ఏం చేస్తుందని కూతుర్ని అడిగితే, “నాన్నగారి పురుగుల ట్రేలు కడుగుతుంది,” అని చెప్పింది పిల్ల. అందులో వెటకారం లేదు. ఇంట్లో విన్నదే చెప్పింది. ఆమెకి చచ్చిపోవాలనిపించింది. చావకుండా, పిల్ల నోటికంటిన ఐస్‌క్రీమ్ తుడిచింది.

ఏడాది తిరక్కుండానే వేరే దేశపు ల్యాబు వాళ్లు అదే పురుగుని పట్టుకుని, శుభ్రంగా ఉపవాసం ఉంచి, జన్యువులు చదివారు. అది కాలువ పురుగులకి మామూలు పినతల్లి కూతురు. అంతకుమించి ఏ విశేషమూ లేదు. ప్రొఫెసరుగారు అచ్చువేసిన అక్షరాల వరుస మాత్రం నత్తల్లో పెరిగే ఒక జలగతో పొల్లుపోకుండా కలిసిందని తేల్చారు. పురుగు బదులు పురుగు తిన్న భోజనానికి వంశవృక్షం కట్టాడని ఊరంతా నవ్వింది. క్యాంటీన్లో ఆయన ప్లేటు పట్టుకుని కూర్చుంటే, వెనక బల్ల దగ్గర ఎవరో, “సార్, అది మీ భోజనమేనా, చూసుకోండి,” అన్నారు. యూనివర్సిటీ విచారణ కమిటీ వేసింది.

ఆ సాయంత్రం ఇంట్లో వింత జరిగింది. ప్రొఫెసరుగారు తన చేత్తో కాఫీ కలిపి ఆమెకిచ్చాడు. కుర్చీ లాగి కూర్చోమన్నాడు. అత్తగారు చేతికర్ర సాయంతో వచ్చి ఎదురుగా కూర్చుంది. కాఫీలో పంచదార మరీ ఎక్కువైంది. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆమె కాఫీలో పంచదార వేసుకోదని ఆయనకి తెలియదు.

“ఎల్లుండి కమిటీ నిన్ను కూడా పిలుస్తుంది,” అన్నాడు. “డీఎన్ఏ తీసింది నువ్వేనని చెప్పు. ఉపవాసం సంగతి మర్చిపోయానను. ఒక్క ముక్క, అయిపోతుంది.”

ఆమె కప్పు కింద పెట్టింది. “తీసింది మీరు కదా.”

“ఎవరు తీశారన్నది కాదిప్పుడు. నాకంటే పదవి ఉంది, పరువుంది. నీకేముంది పోవడానికి?”

“ఇంకే ల్యాబులోకైనా రానిస్తారా నన్ను?”

“ఇప్పుడు మాత్రం ఎవరు రమ్మంటున్నారు? నేను మునిగితే నీ రెన్యువల్ మీద సంతకం ఎవడు పెడతాడో ఆలోచించుకో.”

అత్తగారు మెత్తగా అందుకుంది. “ఆడవాళ్ల మతిమరుపుని ఎవరూ పెద్దగా పట్టించుకోరమ్మా. ఇంటిపని, వంటపని, మా అత్తగారికి తుంటి విరిగింది, ఆ కంగారులో మర్చిపోయానని చెప్పు. జాలిపడి వదిలేస్తారు.”

“ఆ వారమంతా నేను మీ దగ్గరే ఉన్నాను కదత్తయ్యా. ల్యాబులో ఎలా ఉంటాను?”

ఆవిడ కొడుకు వైపు చూసింది. తర్వాత చీర కుచ్చిళ్లు సర్దుకుంది. “నువ్వు ఉన్నావని ఎవరడుగుతారు? అడిగినా నాకు గుర్తు లేదంటాను. మత్తు మందులు ఇచ్చారాయె, ఎవరొచ్చారో ఎవరు పోయారో నాకేం తెలుసు.”

మొగుడి మాటలు ఆమెకి అలవాటే. ఇది అలవాటైన దెబ్బ కాదు. ఆ మంచం పక్కన తన చేతులు చేసిన పనంతా కళ్లముందు తిరిగింది. నొప్పికి ఏడుస్తుంటే రాత్రుళ్లు ఆ తల నిమరడం, మలం అంటిన దుప్పటి నర్సు చూడకముందే మార్చేయడం, “నువ్వు నా కన్నకూతురికన్నా ఎక్కువే,” అని ఆవిడ తన మణికట్టు పట్టుకోవడం. అదంతా ఇప్పుడు జరగలేదు. ఈ ఇంట్లో ఆమె చేసిన పనులేవీ ఆమె చేసినవి కావు. చెయ్యని పని ఒక్కటి మాత్రం ఆమెది. ఆమె కప్పులు తీసి సింకులో వేసింది. “సరేనా?” అన్నాడు ఆయన వెనకనుంచి. “ఊఁ,” అంది. ఊఁ అనడం ఆ నోటికి అంతగా అలవాటైపోయింది.

మర్నాడు ల్యాబులో ట్రేల నీళ్లు మారుస్తూ ఆ మాట సాధన చేసింది. మర్చిపోయానండీ. కంగారులో మర్చిపోయానండీ. పెద్దగా కష్టం లేదు, నాలుక తిరుగుతోంది. ఒక మూల ట్రేలో చాలాకాలం తిండి పెట్టకుండా ఉంచిన పురుగులు కనబడ్డాయి. ఈ జాతి ఆకలికి చచ్చిపోదు. తన ఒంటిని తనే కొంచెం కొంచెంగా కరిగించుకుని తింటూ, ఉన్న ఆకారంలోనే చిన్నదైపోతుంది. కళ్లుంటాయి, మెదడుంటుంది, అన్నీ సలక్షణంగా ఉంటాయి, కాకపోతే చుక్కంత. ఎన్ని నెలలైనా అలా బతికేస్తుంది. ఆ సంగతి ఆమె ఎంతోమంది విద్యార్థులకి గొప్పగా చెప్పింది, ఎంత ఓర్పున్న జీవో చూడండని. ఇప్పుడు మాత్రం ఆ చుక్కల్ని చూస్తే ఆమెకి అసహ్యం పుట్టింది. ఓర్పట, ఓర్పు. తనని తాను తినేసుకోవడాన్ని మెచ్చుకునేది ఎవరు? దాన్ని ఆ ట్రేలో పెట్టినవాళ్లే కదా. పురుగుల మీద కాదు, అన్నేళ్లూ వాటిని మెచ్చుకున్న తన మీద కోపం వచ్చింది. ట్రేని విసురుగా తోస్తే నీళ్లు బల్ల మీద ఒలికాయి. తుడిచింది.

కమిటీ గదిలో ఏసీ మోగుతోంది. పొడవాటి బల్లకి అవతల డీన్ మేడమ్, ఆవిడకి చెరోపక్క ఇద్దరు పెద్దమనుషులు. ఇవతల ప్రొఫెసరుగారు, పక్కన ఆమె. ఎవరూ అడక్కముందే ఆయన మొదలుపెట్టాడు. గొంతులో బాధ చక్కగా పలికింది.

“తప్పంతా నాదే మేడమ్. ఆవిడ మీద అంత పని పెట్టకుండా ఉండాల్సింది. ఇల్లూ ల్యాబూ రెండూ చూసుకోలేక సతమతమవుతుంటుంది. మనిషి చాలా మంచిది, కాకపోతే మతిమరుపు. భార్య కదా అని నేనూ గట్టిగా అడగలేకపోయాను.”

పెద్దమనుషుల్లో ఒకాయన సానుభూతిగా తలూపాడు. “ఇంట్లోవాళ్లని పనిలో పెట్టుకుంటే వచ్చే చిక్కే ఇది,” అన్నాడు.

డీన్ మేడమ్ కళ్లజోడు తీసి ఆమె వైపు చూసింది. “డీఎన్ఏ మీరే తీశారా?”

ప్రొఫెసరుగారు బల్ల కింద ఆమె మోకాలి మీద చెయ్యి వేసి చిన్నగా నొక్కాడు. పెళ్లైన కొత్తలో, నలుగురిలో ఉన్నప్పుడు, ప్రేమగా అలా నొక్కేవాడు. ఆమె ఆ చేతిని తీసి, ఆయన ఒళ్లోనే పెట్టింది.

“పురుగుని కాలువలోంచి పట్టుకుంది నేను మేడమ్,” అంది. గొంతు తనకే కొత్తగా, తాపీగా వినిపించింది. “అది ఏం తింటుందో కనిపెట్టి పెంచింది నేను. జన్యువు చదివించింది, వరుసలు పేర్చింది, చెట్టు గీసింది నేను. పేపర్లో ప్రతి వాక్యం నేనే రాశాను. ఇంతకుముందు వచ్చిన పేపర్లు కూడా.”

“ఆవిడ టెన్షన్‌లో ఉంది మేడమ్. ఏం మాట్లాడుతోందో...”

“ఆవిడ్ని చెప్పనివ్వండి,” అంది డీన్ మేడమ్.

“డీఎన్ఏ తీసిన వారం నేను ఆస్పత్రిలో మా అత్తగారి పక్కనున్నాను. ఆవిడకి గుర్తుండదు, ఆ వార్డు నర్సులకి గుర్తుంటుంది. చెట్టు గీశాక నాకు అనుమానం వచ్చింది, చెప్పాను, ఆయన కసిరితే నోరు మూసుకుని పేపర్ రాసిచ్చాను. అది నా తప్పే, నా పేరు మీదే రాసుకోండి.”

ప్రొఫెసరుగారు కుర్చీలో ఆమె వైపు తిరిగాడు. “ఇంటికెళ్లాక ఎలా ఉంటుందో ఆలోచించుకునే మాట్లాడుతున్నావా?” అన్నాడు. అందరిముందూ, మామూలు గొంతుతోనే అనేశాడు. ఇంట్లో అన్నట్టే. పెద్దమనుషులు తలలు వంచుకున్నారు.

ఆమె ఆయన వైపు తిరగలేదు. ఇంటికెళ్లాక ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు. అందుకే పొద్దున్న వచ్చేటప్పుడు పిల్ల బట్టలూ తన బట్టలూ సర్దిన సంచి, యూనివర్సిటీ గేటు దగ్గర వాచ్‌మన్ గదిలో పెట్టి వచ్చింది.

“ఆ పేపర్లో ఆయన తన చేత్తో చేసిన పని ఒక్కటే మేడమ్, ఆ డీఎన్ఏ తీయడం,” అంది. “పనంతా నాది. ఆ తప్పొక్కటే ఆయన సొంతం. కనీసం దాన్నైనా ఆయన పేరు మీద ఉంచండి.”